చత్వారం

కరుణాకరం పాస్టరుగారు వాక్యం చెప్పడం మొదలుపెట్టాడంటే గంటకు తక్కువ కాదని చుట్టుపక్కల పల్లెలన్నిటికీ తెలుసు, ఖాదర్ వలికీ తెలుసు. అందుకే ప్రమాణాలు అయిపోయి, ఉంగరాలు మార్చుకుని, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఎర్రగుడ్డ కప్పిన కుర్చీల్లో కూర్చోగానే, ఇక ఈ గంటా మనకు పనిలేదనుకుని చర్చి గోడవారన ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో చేరగిలబడ్డాడు. ఎవరూ తనవైపు చూడడం లేదని అటూ ఇటూ చూసుకుని, చొక్కా జేబులోంచి చత్వారం అద్దాలు తీసి ముక్కుమీద పెట్టుకుని, ఒళ్లోని కెమెరా వెనక తెర వెలిగించాడు. పెళ్లికూతురు కావ్యను తండ్రి జాషువా చెయ్యి పట్టుకుని వాకిట్లోంచి లోపలికి నడిపించుకొస్తున్న బొమ్మ. తెల్ల చీర, తలమీద తెల్లటి వల, పక్కన నల్లకోటులో జాషువా. బాగుంది. భూతద్దం గుర్తున్న మీట నొక్కాడు, మొహాలు దగ్గరికొచ్చాయి. ఇంకోసారి నొక్కాడు. జాషువాకు కళ్లు లేవు. కళ్లుండాల్సిన చోట రెండు బూడిదరంగు మరకలున్నాయి. కావ్య ముక్కూ నోరూ నీళ్లలో నానిన కాగితం మీది సిరాలా కలిసిపోయాయి. వాళ్ల వెనక వాకిలికి కట్టిన బెలూన్లు మాత్రం ఒక్కొక్కటీ విడివిడిగా, వాటి మధ్య కావ్య, పవన్ కుమార్ అని అంటించిన థర్మోకోల్ అక్షరాలు మెరుగుపొడితో సహా, బ్లేడుతో కోసినచోట లేచిన నూగుతో సహా, కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. చక్రం తిప్పాడు. తరవాతి బొమ్మా అంతే. ఆ తరవాతిదీ అంతే. ప్రమాణాలప్పుడు వెనకున్న పరదా కుచ్చిళ్లు లెక్కపెట్టొచ్చు, ముందున్న మనుషులు పొగ. ఉంగరం తొడిగే చేతులు పొగ. చక్రం తిరుగుతూనే ఉంది, బొటనవేలి కింద చెమట పట్టింది.

ఎట్లా జరిగిందో ఎవర్నీ అడగాల్సిన పనిలేదు, వేలే వెళ్లి చెప్పింది. లెన్సు పక్కన గోరంత మీట ఉంటుంది. పైకుంటే ఫోకస్ సంగతి కెమెరాయే చూసుకుంటుంది, కిందికుంటే మనిషి కంటితో చూసి చేత్తో తిప్పుకోవాలి. మీట కిందికుంది. పొద్దున మార్కాపురంలో ఆటో ఎక్కేటప్పుడు సంచిలో కుక్కాడే, అప్పుడు జారి ఉంటుంది, లేకపోతే కొనకనమిట్ల దాటాక ఆ గుంతల రోడ్డులో. జారితే జారింది, మామూలుగా అయితే మొదటి ఫోటోకే తెలిసిపోయేది, ఫోకస్ కుదిరినప్పుడల్లా కెమెరా పిచ్చుకపిల్లలా కీచుమంటుంది, కీచుమనకపోతే చెయ్యి దానంతటదే ఆగిపోతుంది. ఆ కీచును నిన్ననే మెనూలోకి పోయి తనే నోరు మూయించాడు, దేవుడి సన్నిధిలో చప్పుడెందుకని, పొద్దున ఆ మాట చెబితే పాస్టరుగారు భుజం తట్టి మెచ్చుకున్నాడు కూడా. సరే, చెవికి తెలియకపోతే కంటికి తెలియాలి గదా. కన్నానించి చూసే కంతలో మనుషులు మసగ్గానే కనపడ్డారు. కానీ కొన్నాళ్లుగా ఖాదర్ వలికి దగ్గరివన్నీ మసకే, బియ్యంలో రాయి మసక, సెల్లులో నంబరు మసక, సూదిబెజ్జం సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆ మసకకు అలవాటుపడి అదే లోకం అనుకున్నాడు. తీసిన బొమ్మ తెరమీద పడినప్పుడు తళతళలాడింది. ఆ తెరంత అబద్ధాలకోరు ఇంకోటి లేదు, వేలెడంత బొమ్మలో ఎవరి మొహమైనా కుదురుగానే ఉంటుంది, పెద్దది చేసి చూస్తేగాని బండారం బయటపడదు, పెద్దది చేసినా అద్దాలు లేకుండా చూసేదేముంది.

అద్దాలు జేబులోనే ఉన్నాయి. అంతసేపూ గుండెకు ఆనుకునే ఉన్నాయి. భార్య గౌసియాబీ పోరి పోరి, కూతురు మెహతాబ్‌ను వెంటబెట్టుకుని పోయి బజారులో చేయించుకొచ్చింది, ఇంట్లో అన్నం తినేటప్పుడు పెట్టుకున్నాడు, దుకాణంలో ఎవరూ లేనప్పుడు పెట్టుకున్నాడు, మనిషి అలికిడైతే తీసి జేబులో వేసుకున్నాడు. "అబ్బా, కళ్లు పోయినాయని ఎవురన్నా నవ్వుతారా, అందరూ పెట్టుకుంటారు" అనింది మెహతాబ్. కెమెరా మెనూలో ఇంగ్లీషు మాటలకు ఒక్కొక్కదానికీ అర్థం చెప్పి నేర్పిన పిల్ల, ఈ ఒక్క సంగతి మాత్రం దానికి చెప్పినా తెలియదనుకున్నాడు. దానికి రామసుబ్బయ్య తెలియదు గదా. పని నేర్పిన గురువు. కన్ను పెట్టేముందు అద్దాలు దించుకుని, బొమ్మ తీశాక మళ్లీ నుదుటిమీదికి తోసుకుని, ఆ తోసుకోవడం దించుకోవడం చూసి పెళ్లిళ్లలో కుర్రవాళ్లు వెనకనుంచి అనుకరించేవాళ్లు, ఆయనకు ఆనదంట అనే మాట ఊరూరా పాకింది, ఆ మాటే ఆయన దుకాణాన్ని తినేసింది. నిజానికి చివరిదాకా ఆయన తీసిన బొమ్మల్లో ఒక్కటీ చెడలేదు. అద్దాలు పెట్టుకున్నాడు కాబట్టే చెడలేదు. ఈ చిన్న లెక్క ఇన్నాళ్లూ తలకెక్కకుండా ఇప్పుడు, ఈ కుర్చీలో, పాస్టరుగారు "సంసారమంటే ఏందనుకుంటన్నారు" అని అడుగుతుంటే ఎక్కింది, మొహం మీద చాచి కొట్టినట్లు ఎక్కింది.

ఆడవాళ్ల వైపు చాపమీద కూర్చున్న మేరీ, కావ్య తల్లి, ఇటు చూసి నవ్వింది. తల దించుకున్నాడు. నవ్వాలని గుర్తొచ్చి ఎత్తేసరికి ఆమె చూపు పక్క తలుపు మీదికి పోయింది. ఆ తలుపు అవతల పాస్టరుగారి గదిలో జాషువాను పడుకోబెట్టారు. ప్రమాణాల దాకా కూర్చున్నాడు, తరవాత ఆయాసం ఎక్కువైతే ఇద్దరు పట్టుకుని తీసుకుపోయారు. రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి, వారం వారం మార్కాపురంలో రక్తం కడిగించుకుంటున్నాడు, నిన్న కడిగించుకుని ఈరోజు కాళ్లమీద నిలబడ్డాడు. నిలబడడమేమిటి, నడిచాడు. వాకిట్లోంచి పీఠం దాకా. మధ్యలో ఒకచోట ఊపిరి అందక ఆగాడు, కావ్యా ఆగింది, తలమీది వల కొంగులా లాక్కుని నాయన మొహానికి పట్టిన చెమట తుడిచింది, తుడుస్తుంటే ఆయన నవ్వబోయి ఏడ్చాడు, చర్చిలో ఎవరూ దగ్గనైనా దగ్గలేదు. ఖాదర్ వలి వాళ్ల ముందు మోకాలి మీద కూర్చుని వరసగా నొక్కాడు. నొక్కుతున్నప్పుడు ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్ల పనిలో ఇట్లాంటిది దొరకలేదనుకున్నాడు, దొరికింది అనుకున్నాడు. మళ్లీ ఉంగరాలయ్యాక కావ్య దగ్గరికి పోయి వంగి, చెవిలో, "మీ నాయనది చానా బాగొచ్చిందమ్మా" అన్నాడు. అడిగారా ఎవరన్నా? ఎవరూ అడగలేదు. ఆ పిల్ల మొహం విప్పారడం చూడాలని తనకే బుద్ధిపుట్టి చెప్పాడు. ఆ విప్పారిన మొహం ఇప్పుడు కళ్లముందుకొచ్చి నిలబడింది, అది మాత్రం ఎక్కడా మసక లేకుండా, కాటుక చివర చెదిరినచోటుతో సహా.

సెల్లుల్లో అయినా పడి ఉంటుందేమో. అనుకున్న మరుక్షణమే అది కూడా తన నెత్తినే పడింది. పెళ్లిలో ప్రతివాడూ సెల్లు ఎత్తి అడ్డం వస్తాడని, ఫోటోలన్నీ చేతులతో నిండిపోతాయని, ముందే పాస్టరుగారికి చెప్పి కట్టడి చేయించింది తనే. "సెల్లులు జేబుల్లో పెట్టుకోండి, బయట పెట్టుకోండి, ఫోటోలు ఖాదర్ వలిగారు ఒక్కరే తీస్తారు, ఆయన చూసుకుంటారు" అని మైకులో చెప్పాడాయన. ఆయన చూసుకుంటారు. ఆ మాటకు ఖాదర్ వలి చొక్కా కాలరు సర్దుకున్నాడు కూడా. పెళ్లికొడుకు తరఫువాళ్లు త్రిపురాంతకం నుంచి వస్తూ గిద్దలూరు ఫోటోగ్రాఫరు ప్రవీణ్ కుమార్‌ను తెచ్చుకుంటామన్నారు, వీడియో ఉంటుంది, పైన ఎగిరే కెమెరా ఉంటుంది అన్నారు. జాషువా ఒప్పుకోలేదు. "నా పెండ్లికి తీసినాడు, నా బిడ్డ పెండ్లికీ ఖాదరే తీస్తాడు, వాడు నా తమ్ముడు" అన్నాడట. మనిషి ఏ మాటకూ పట్టుబట్టేవాడు కాదు, దీనికి పట్టుబట్టాడు. ఆ పెళ్లి ఇదే ఊళ్లో, ఈ చర్చి పెంకుటిల్లుగా ఉన్నప్పుడు. జాషువా పలకల గనిలో పనిచేసేవాడు, ఎంత కడుక్కున్నా వేళ్ల సందుల్లో నల్లటి పొడి పోయేది కాదు, ఫోటోలో చేతులు కనపడకుండా తియ్యి ఖాదరూ అని సిగ్గుపడ్డాడు. ఖాదర్ వలి అప్పటికి మీసం సరిగా రాని పిల్లవాడు, గురువుగారి రీలు కెమెరా మెళ్లో వేసుకుని ఒంటరిగా వచ్చిన మొదటి పెళ్లి. ఎంత భయపడ్డాడో. ఒక్కొక్క ఫోటోకు ఎంతసేపు తిప్పి తిప్పి చూసుకున్నాడో. భయమున్నన్నాళ్లూ చెయ్యి తప్పలేదు.

ఆ రోజుల్లో తప్పు జరిగినా ఇట్లా ఉండేది కాదు. రీలు కడిగిందాకా ఏం పడిందో ఎవరికి తెలుసు. చీకటిగదిలో, ఎర్రబల్బు కింద, పళ్లెంలోని నీళ్లలో కాగితం మెల్లమెల్లగా నల్లబడుతూ నీ తప్పు నీకొక్కడికే చూపించేది, ఏడ్చినా చూసేవాళ్లుండరు, ఊరికి పోయి చెప్పేలోపు మొహం సర్దుకోవచ్చు. ఇప్పుడు అరచేతంత వెలుగులో, ఒళ్లో, ఇంతమంది మధ్యలో, పెళ్లికూతురు పది బారల దూరంలో ఉండగానే. పక్కనున్న పెద్దాయన కునికిపాట్లు పడుతున్నాడు, ఆయన ఒక్కసారి కళ్లు తెరిచి ఇటు వంగితే చాలు. తెర మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చెయ్యి అడ్డం పెట్టుకున్నాక అనిపించింది, అడ్డం పెట్టినంత తేలిక గదా ఇది. చెత్తడబ్బా గుర్తున్న మీట బొటనవేలి కిందే ఉంది. ఒక్కొక్కటీ అక్కర్లేదు, మెనూలో ఒకచోట నొక్కితే కార్డు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. కార్డు పోయిందని చెప్పొచ్చు. కార్డులు పోవా? పోతాయి, ఎంతమందికి పోలేదు, విన్నవాళ్లంతా అయ్యో అంటారు, పాపం ఖాదరు అంటారు, తనమీదే జాలిపడతారు. పాస్టరుగారు మైకులో, "ఒకరి లోపం ఒకరు కప్పుకోవాల, అదే కాపురం" అంటున్నాడు. వేలు మీట మీదికి పోయింది. తుడిచేయాలా అని తెర అడిగింది, ఇంగ్లీషులో, మెహతాబ్ నేర్పిన మాటే. దాని కింద జాషువా నవ్వబోయి ఏడుస్తూ, కళ్లు లేకుండా, కావ్య చెయ్యెత్తి, మొహం లేకుండా. అయినా ఆ వంగడం జాషువాదే. ఆ చెయ్యెత్తడం కావ్యదే. మసకలోనైనా ఎవరైనా పోల్చుకోగలరు. అడిగిన తెరకు జవాబు చెప్పకుండా కెమెరా ఆర్పేశాడు. కార్డు పోయిందని చెబితే, జాషువా తనను ఓదారుస్తాడు. అది తలుచుకునేసరికి ఇక కూర్చోలేకపోయాడు. ధైర్యం వచ్చి లేచాడని చెప్పడానికి లేదు, ఆ ఓదార్పు తప్పించుకోవడానికి లేచాడు.

పక్క తలుపు తోసుకుని పోతే మైకు గొంతు మెత్తబడింది. మంచంమీద జాషువా వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కోటు విప్పి కాళ్లమీద కప్పారు, రక్తం కడిగే సూదులు గుచ్చీ గుచ్చీ ఎడమచేతి నరం తాడులా ఉబ్బి ఉంది.

"ఏం ఖాదరూ, అయిపాయనా వాక్యం?"

"లేదన్నా." మంచం పక్కన నిలబడ్డాడు. కుర్చీ ఉంది, కూర్చోలేదు. "అన్నా, నువ్వు పాపను నడిపించుకొచ్చిన బొమ్మలు ఒక్కటి గూడా సరిగా పళ్లా."

"పళ్లా అంటే?"

"పడినాయి. మొహాలు లేవు."

"మిషను చెడిపోయిందా?"

అడిగింది పాపం మంచి మనసుతోనే. అబద్ధాన్ని చేతికి అందించినట్లు అడిగాడు, అందుకుంటే సరిపోయేది. ఖాదర్ వలి అందుకోలేదు. "మిషను బాగనే ఉండాదన్నా. నాకే కండ్లు ఆనటంలే. అద్దాలు జేబులో పెట్టుకొని తీసినా. నలుగురు చూస్తారని."

"ఏదీ, చూపియ్యి."

తెర వెలిగించి ఆయన మొహానికి దగ్గరగా పట్టుకున్నాడు. జాషువా చాలాసేపు చూశాడు. "కోటు నాదే" అన్నాడు. ఇంకేమీ అనకపోతే బాగుండుననుకున్నాడు ఖాదర్ వలి, తిడితే ఇంకా బాగుండుననుకున్నాడు. జాషువా తిట్టలేదు, ఓదార్చలేదు. "పాప నన్ను రోజూ సందేళ నడిపించేది ఖాదరూ," అన్నాడు, "ఇంటికాణ్ణుంచి కళ్లం దాకా, మల్లా ఇంటికి. కంది చేలల్లో పనికి పోయొచ్చి, కాళ్లు కడుక్కోని, రా నాయనా అనేది. ఈ నాలుగడుగులకు నాకు బలం రావాలని. మల్లా నడిచేది నా వల్ల కాదు."

"నడవమని అడగటానికి రాలేదన్నా."

"నాకు చెప్పినావు. సరే. పాపకు నేను చెప్పలేను, నువ్వే చెప్పుకో." అని గోడవైపు తిరిగాడు. తిరగడానికి కూడా ఆయనకు కష్టమైంది, నడుము సాయం పట్టబోయి, పట్టొచ్చో లేదో తెలియక ఖాదర్ వలి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తిరిగి లోపలికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. వాక్యం నడుస్తూనే ఉంది, మాటలు వస్తున్నాయి పోతున్నాయి, ఓర్పు అన్నది ఒకటి, ఇల్లు అన్నది ఒకటి. పిల్లల ఏడుపు, ఫ్యాన్ల చప్పుడు, బయట వంటకాడ గంటె గిన్నెకు తగిలిన చప్పుడు. ఈ ప్రసంగం ఎప్పటికీ ముగియకుండా సాగితే బాగుండును, వెంటనే ముగిస్తే బాగుండును. రోజూ సందేళ. కళ్లం దాకా. ఆ నడకలన్నీ ఎవరూ ఫోటో తీయలేదు, ఎవరూ తీయనక్కర్లేదు, ఈ ఒక్కటీ నిలుస్తుందని గదా ఆ పిల్ల అన్ని సాయంత్రాలు నడిపించింది. ఎట్లా మొదలుపెట్టాలి, అమ్మా అనాలా, కావ్యా అనాలా, ముందు బాగొచ్చిందని చెప్పిన మాట వెనక్కి తీసుకోవాలా, మాట వెనక్కి ఎట్లా తీసుకుంటారు. ఆమెన్ అని అందరూ ఒక్కసారిగా అనేసరికి ఉలిక్కిపడ్డాడు.

జనం లేచారు, చాపలు చప్పుడయ్యాయి. ఖాదర్ వలి పీఠం వైపు నడిచాడు. ఆయనను చూసి కావ్య, ఫోటోకు పిలుస్తున్నాడనుకుని, వల సర్దుకుని పవన్ కుమార్ మోచెయ్యి పట్టుకుని నవ్వు తెచ్చుకుంది. ఎదురుగా నిలబడి కూడా ఆయన కెమెరా ఎత్తకపోతే ఆ నవ్వు అట్లాగే ఉంచుకుని, ఆయన మొహంలోకి చూసింది.

"అద్దాలు బాగుండాయి చిన్నాయనా" అంది.

తీయడం మరిచిపోయాడు. అందరిముందూ అవి ముక్కుమీదే ఉన్నాయి, ఒక్కడూ నవ్వలేదు, ఒక్కడూ పట్టించుకోలేదు కూడా. ఇంతేనా, ఇంతదానికా, అనుకునేసరికి తల తీసేసినట్లయింది. "కావ్యా," అన్నాడు, "మీ నాయన నిన్ను నడిపించుకొచ్చినవి, ప్రమాణాలు, ఉంగరాలు, అన్నీ మసకైపోయినాయమ్మా. ఈ అద్దాలు అప్పుడు పెట్టుకోలేదు. బాగొచ్చిందని నీకు చూడకుండా చెప్పినా."

నవ్వు ఆరిపోలేదు, ఎక్కడున్నదక్కడ ఆగిపోయింది. పవన్ కుమార్ ఏదో అనబోతే అతని మోచెయ్యి నొక్కింది.

"నాయనకు తెలుసా?"

"చెప్పినా."

"ఏమన్నాడు?"

"నీకు నన్నే చెప్పుకోమన్నాడు."

మేరీ జనంలోంచి ఇటే వస్తోంది. "అమ్మకు ఇప్పుడే చెప్పమాక" అని, రెండు చేతులా తెల్ల చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కావ్య పక్క తలుపు వైపు నడిచింది. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండా, "రా చిన్నాయనా" అంది. ఆ గొంతులో కోపం లేదని చెప్పడానికి లేదు.

గదిలో ఆమె మంచం అంచున కూర్చుంది. కోటు తొడగలేదు, మొహం తుడవలేదు. ఉబ్బిన నరమున్న చేతిని తన ఒళ్లోకి తీసుకుని, "నాయనా, ఒక్కసారి ఇటు తిరుగు" అంది. జాషువా తిరిగాడు. ఖాదర్ వలి లెన్సు పక్క మీట పైకి నెట్టి, మళ్లీ తడిమి చూసుకున్నాడు, పైకుంది. మోకాళ్ల మీద కూర్చున్నాడు, అద్దాలు కెమెరాకు ఆనుతూ గీసుకుంటున్నా తీయలేదు, కంతలో ఫోకస్ కుదిరిందని చెప్పే ఎర్రచుక్క జాషువా కంటిమీద వెలిగింది. కళ్ల కింద వాపు, బనీను మెడ దగ్గర చెమట, పెదవి పగులు, అన్నీ ఉన్నాయి, ఏదీ దాగలేదు. ఊపిరి బిగబట్టి ఒక్కసారే నొక్కాడు.

కావ్య చెయ్యి చాచింది. పట్టీ మెళ్లోంచి తీసి కెమెరా ఆమె చేతికిచ్చాడు. ఆమే మీట నొక్కి పెద్దది చేసుకుంది, ఇంకా పెద్దది చేసుకుంది. వల తెరమీద పడుతుంటే తోసేసుకుని చూసింది. కిటికీ అవతల భోజనాల బంతికి మనుషుల్ని పిలుస్తున్నారు.

"బొమ్మలో నాయన నిన్నే చూస్తన్నాడు చిన్నాయనా" అంది.

"అవునమ్మా" అన్నాడు ఖాదర్ వలి.